డ్రాగన్ నడుం పట్టేసిన వేళ!

తెరమీద రోము నగరం. పురాతన కొలోసియం. ఆ శిథిలాల మధ్య ఇద్దరే ఇద్దరు వీరులు. ఒకరు బ్రూస్‌లీ... ఎదురుగా ఛక్ నోరిస్! హాల్లో ఈలలు ఆగిపోయాయి. అందరూ ఊపిరి బిగబట్టి కూచున్నారు. ఇక కలబడటమే తరువాయి!

కానీ వెంటనే కలబడరు. ఇద్దరూ తీరిగ్గా ఒళ్ళు విరుచుకోవటం మొదలెడతారు. చేతులు, భుజాలు, మెడ, నడుం... ఒక్కొక్కటే సాగదీస్తారు. కీళ్ళు ఫట్‌ఫట్‌మంటాయి. ఓ మూల నుంచి ఓ పిల్లికూన ఈ తతంగమంతా చూస్తూంటుంది. మామూలు డైరెక్టరయితే ‘ఎందుకీ సాగతీత?’ అని కత్తెర వేసేసేవాడే. కానీ 1972లో వచ్చిన ఆ ‘వే ఆఫ్ ది డ్రాగన్’కి డైరెక్టరు బ్రూస్‌లీయే. కథ రాసుకున్నదీ ఆయనే. ఆ ఒళ్ళు విరుపుల్ని అలాగే ఉంచేశాడు.

దానికి సుమారు రెండేళ్ళ ముందు, ఒకే ఒక్క రోజు ఈ ఒళ్ళు విరుచుకోవటం మానేశాడు బ్రూస్‌లీ. ఆ ఒక్క రోజూ ఆయన జీవితాన్ని మంచాన పడేసింది. ఆ సంగతి తల్చుకునే ఈ సీను పెట్టాడని మనం చెప్పలేం గాని, ఆ కథ తెలిసినవాళ్ళకి మాత్రం ఈ సీను చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

డాన్సులు చేసేవాళ్ళూ, జిమ్ముకెళ్ళేవాళ్ళూ, క్రికెట్టు ఆడేవాళ్ళూ... ఒక్కసారయినా ‘అమ్మో నడుం!’ అన్నవాళ్ళూ తప్పక తెలుసుకోవలసిన కథ అది.

‘గుడ్ మార్నింగ్’ చేసిన చెడుపు

అది 1970. అమెరికాలోని లాస్‌ఏంజిలిస్. బ్రూస్‌లీకి ఇంకా ముప్ఫయ్యేళ్ళు నిండలేదు. ‘గ్రీన్ హార్నెట్’ టీవీ సీరియల్లో కేటోగా వేసి పేరు తెచ్చుకున్నాడు. కానీ అది 1967లోనే ఆగిపోయింది. హాలీవుడ్‌లో హీరో వేషం ఇచ్చే నాథుడు లేడు. స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ లాంటి తారలకి కుంగ్‌ఫూ నేర్పిస్తూ సంసారం లాక్కొస్తున్నాడు. ఇంట్లో భార్య లిండా, అయిదేళ్ళ కొడుకు బ్రాండన్, ఏడాది దాటిన కూతురు షానన్. మీద ఇంటి అప్పు!

ఆయన ఒళ్ళే ఆయన పెట్టుబడి. ఆ ఒంటిని రోజూ సానపట్టేవాడు. ఆ కసరత్తుల్లో ‘గుడ్ మార్నింగ్’ అని ఒకటుంది. బరువులు గుచ్చిన ఇనుపకడ్డీని భుజాల మీద పెట్టుకుని, నడుం దగ్గర ముందుకు వంగి, మళ్ళీ నిటారుగా లేవాలి. ఎవరికో వంగి నమస్కారం పెడుతున్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు. చూడటానికి చాలా మర్యాదగల కసరత్తు. తేడా వస్తే మాత్రం దానంత మర్యాద లేనిది మరొకటి లేదు!

ఆ రోజు ఒళ్ళు వేడెక్కించుకోకుండానే బరువు ఎత్తాడు. వంగాడు... నడుంలో ఏదో కలుక్కుమంది. అప్పటికి పెద్దగా పట్టించుకోలేదు. రోజులు గడిచేకొద్దీ నొప్పి ముదిరింది. డాక్టర్లు పరీక్షలు చేశారు. వెన్ను అడుగున, త్రికాస్థి దగ్గర ఓ నరం దెబ్బతిందన్నారు. విశ్రాంతి తీసుకోమన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది... కుంగ్‌ఫూ సంగతి మర్చిపొమ్మన్నారు. మునుపటిలా కాలెత్తి తన్నటం ఈ జన్మలో ఉండదన్నారు!

కాలితో తన్నటమే బతుకుతెరువయినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకోండి. పాటగాడితో ‘నీకిక గొంతు రాదు’ అన్నట్టే.

మంచం మీద ఆర్నెల్లు

దాదాపు ఆర్నెల్లు... మొదట మంచం మీద, ఆ తర్వాత ఇంటిపట్టున. సంపాదన లేదు. ఇల్లు గడవటానికి లిండా ఉద్యోగంలో చేరింది. సాయంత్రాలు ఆమె పనికి వెళితే పిల్లల్ని చూసుకుంటూ ఈయన ఇంట్లో.

ఈ ఆర్నెల్లూ బ్రూస్‌లీ చేసినవి రెండే పనులు. ఒకటి, చదవటం. రెండు, రాయటం. తన్నులు, గుద్దులు, ఒడుపులు, ఎత్తులు... తలలో ఉన్నదంతా కాగితాల మీద పెట్టాడు. కుప్పలకొద్దీ నోట్సు. ఆయన పోయాక, 1975లో ‘టావో ఆఫ్ జీత్ కున్ డో’ పేరుతో పుస్తకంగా వచ్చింది అదే. ప్రపంచమంతా కరాటే, కుంగ్‌ఫూ నేర్చుకునేవాళ్ళు కళ్ళకద్దుకునే ఆ పుస్తకానికి చాలావరకూ పునాది ఓ నడుంనొప్పి!

ఇంకో చిన్న పని కూడా చేశాడు. తన విజిటింగ్ కార్డు ఒకటి తీసుకుని, దాని వెనక రెండే రెండు మాటలు రాసుకుని, ఎప్పుడూ కళ్ళెదుట కనబడేలా పెట్టుకున్నాడు. ఆ రెండు మాటలకి తెలుగు, ‘ముందుకు నడు!’

నడిచాడు. మెల్లగా, కొంచెం కొంచెంగా కసరత్తు పెంచుకుంటూ వచ్చాడు. 1971లో థాయ్‌లాండ్ వెళ్ళి ‘ది బిగ్ బాస్’ చేశాడు. ఇక తన్నలేడని డాక్టర్లు తేల్చిన కాలు తెరమీద గాల్లోకి లేచేసరికి హాంగ్‌కాంగ్ కుర్రకారుకి పిచ్చెక్కిపోయింది. 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ది డ్రాగన్’. 1973లో ‘ఎంటర్ ది డ్రాగన్’. ఆ చిత్రం అమెరికాలో విడుదలయ్యేటప్పటికి ఆయన లేడు. 1973 జూలై 20న, ముప్ఫయ్ రెండేళ్ళకే కన్నుమూశాడు. మన ఊళ్ళలో ఎన్ని గదుల గోడలమీద ఆయన పోస్టర్లు వెలిశాయో, ఎన్ని మేడలమీద కరాటే స్కూళ్ళు లేచాయో మీ నాన్నగారి తరాన్ని అడిగితే చెబుతారు.

అయితే పోస్టర్ల మీద లేని ఓ నిజం ఉంది. ఆ నడుంనొప్పి పూర్తిగా పోలేదు. చివరి వరకూ ఆయన్ని వెన్నంటే ఉంది. తెరమీద మనం చూసిన ఆ ఎగిరి తన్నే తన్నులన్నీ నొప్పి మాయమైన మనిషివి కావు. నొప్పితో కాపరం చెయ్యటం నేర్చుకున్న మనిషివి!

ఇద్దరు శత్రువులు

ఇంతకీ బ్రూస్‌లీకి జరిగింది మనకెందుకు జరుగుతుంది అంటారా? నడుంనొప్పికి హీరో, జూనియర్ ఆర్టిస్టు అన్న తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచం మొత్తమ్మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుంనొప్పితో ఉన్నారు. మనుషుల్ని పనికి దూరం చేసే బాధల్లో అదే మొదటిది. ‘అది ముసలాళ్ళ జబ్బు’ అనుకునే రోజులు పోయాయి. కాలేజీ డేకి వారం రోజులుందనగా రిహార్సల్స్ మొదలెట్టి, నేలమీద దొర్లే స్టెప్పులన్నీ ఒకే రాత్రి వేసేసినవాళ్ళని అడగండి. వారమంతా కుర్చీలో కూచుని, ఆదివారం పొద్దున్నే పది ఓవర్లు ఫాస్ట్ బౌలింగ్ చేసినవాళ్ళని అడగండి.

నడుం పట్టేయగానే మన ఇళ్ళల్లో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి.

మొదటిది ఇంట్లోవాళ్ళది. “ఒరే, కదలకురా నాన్నా! పది రోజులు నడుం వాల్చు, అదే తగ్గుతుంది” అంటుంది అమ్మ. పక్కింటావిడ వచ్చి, “ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించండి వదినా, ఇట్టే పోతుంది” అంటుంది. అమృతాంజనం వాసన వీధిదాకా కొడుతుంది.

రెండోది జిమ్ములో స్నేహితుడిది. “ఏం కాదు మామా! రెండు సెట్లు కొట్టు, దెబ్బకి దిగిపోతుంది” అంటాడు. అంటే నడుం బిగించమంటాడు.

ఇద్దరికీ మనమీద ప్రేమే. కానీ ఇద్దరి మాటా కొంపముంచేదే! నడుం వాల్చేసినా తప్పే, నడుం బిగించేసినా తప్పే. చురుగ్గా తిరిగేవాడికి అసలు కష్టం నొప్పి కాదు... ఈ రెంటికీ మధ్య దారి పట్టుకోవటం.

లోపల జరిగేదేమిటి?

మన నడుం భాగంలో అయిదు వెన్నుపూసలుంటాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తలాంటి డిస్కు. వెనకనుంచి నరాలు చీలి కాళ్ళలోకి దిగుతాయి. చుట్టూ తాళ్ళు బిగించినట్టు కండరాలు. ఇందులో ఏది అలిగినా పేరు ఒక్కటే, నడుంనొప్పి!

పదిమందికి నడుంనొప్పి వస్తే దాదాపు తొమ్మిదిమందిలో, ‘ఇదిగో దీనివల్లే’ అని వేలుపెట్టి చూపించే కారణం దొరకదు. పూస విరిగీ కాదు, డిస్కు జారీ కాదు. ఎక్కువమందికి కొద్దివారాల్లోనే చాలావరకు సర్దుకుంటుంది.

“మరి స్కాన్‌లో డిస్కు ఉబ్బింది అని రాశారే!” అంటారా? 2015లో ఓ వైద్య పరిశీలన వచ్చింది. ఏ నొప్పీ లేని మూడు వేల పైచిలుకు మంది స్కాన్‌ల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూశారు. ఇరవయ్యేళ్ళ వయసులోనే నూటికి ముప్ఫయ్ మందికి డిస్కు ఉబ్బే ఉంది! ఎనభయ్యేళ్ళకి అది ఎనభై నాలుగు. వాళ్ళెవరికీ నొప్పి మాత్రం లేదు. తల నెరిసినట్టే ఇదీ. కాబట్టి రిపోర్టులో పెద్ద పెద్ద మాటలు చూసి బెంబేలెత్తిపోనక్కర్లేదు. కాలిలోకి గుంజే డిస్కు నొప్పి కూడా చాలామందిలో ఆపరేషన్ లేకుండానే కొన్ని నెలల్లో చల్లారుతుంది.

ఇక మంచం సంగతి. బ్రూస్‌లీ కాలంలో నడుంనొప్పి అంటే మొదటి మందు మంచమే. ఇవ్వాళ డాక్టర్లు అలా చెప్పటం లేదు. నొప్పి మరీ చంపేస్తుంటే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. అంతకుమించి పడుకుంటే నడుంని పట్టుకుని ఉండే కండరాలే నీరసించిపోతాయి. ‘వంగితే విరిగిపోతుందేమో’ అన్న భయం మనసులో గూడు కట్టుకుంటుంది. ఆ భయంతో మనిషి కర్రలా బిగుసుకుపోయి నడుస్తాడు. బిగుసుకున్నకొద్దీ నొప్పి!

ఆ కార్డు మీది మందు

ఇప్పుడో తమాషా చెబుతాను. బ్రూస్‌లీ కార్డు వెనక రాసుకున్నది ధైర్యం కోసం. కానీ ఆ మాటే అక్షరాలా మందయి కూచుంది!

2024లో ‘లాన్సెట్’ అనే పేరుమోసిన వైద్య పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఓ సంగతి ప్రకటించారు. నడుంనొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకున్నారు. సగం మందికి నడక నేర్పించారు. నేర్పించటమంటే ఒక్కొక్కరికీ ఓపికని బట్టి మెల్లగా పెంచుకుంటూ పోయే నడక. వారానికి అయిదు రోజులు, రోజుకి అరగంట దాకా. మిగతా సగం మందికి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. నడవనివాళ్ళకి నొప్పి తిరగబెట్టటానికి పట్టిన కాలం సుమారు 112 రోజులు. నడిచినవాళ్ళకి 208 రోజులు! పైసా ఖర్చు లేని మందు. దానికి కావలసిన పరికరమల్లా ఓ జత చెప్పులు.

మరి నడుం బెల్టు? కట్టుకుంటే ధైర్యం వస్తుంది, బలం రాదు. నెలల తరబడి వదలని నడుంనొప్పికి బెల్టులూ, బరువులు కట్టి లాగే ట్రాక్షనూ వద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఎదురుకాళ్ళవాళ్ళ తొక్కుడు సంగతి సరేసరి. పట్టేసిన నడుం మీద ఓ మనిషి బరువు పడితే ఏమవుతుందో చెప్పాలా?

మళ్ళీ స్టేజి ఎక్కేదెప్పుడు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. “నొప్పి పూర్తిగా పోయాక ఆడనా, ఇప్పుడే ఆడనా?” పూర్తిగా పోయేదాకా ఆగితే ఒంట్లో ఉన్న సత్తువ పోతుంది. ఇప్పుడే దూకితే నడుం పోతుంది. మరి దారేమిటి? మెట్లెక్కినట్టు ఎక్కాలి.

మొదటి మెట్టు నడక. అయిదు నిమిషాలు చాలు. రోజుకి మూడు నాలుగు సార్లు. ఒకేచోట గంటలకొద్దీ కూచోకుండా మధ్యమధ్య లేవటం. వేడినీళ్ళ కాపడం హాయినిస్తుంది. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద దిండు, పక్కకి తిరిగితే మోకాళ్ళ మధ్య దిండు.

రెండో మెట్టు, నడుంకి కాపలా కాసే కండరాల్ని లేపటం. కెనడాలో స్టూవర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసరు వెన్నుమీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి మూడు కసరత్తులు చెప్పాడు. వెల్లకిలా పడుకుని, ఓ మోకాలు మడిచి, నడుం కింద చేతులు పెట్టుకుని తల, భుజాలు ఓ అంగుళం పైకి లేపటం ఒకటి. పక్కకి తిరిగి మోచెయ్యి ఆనించి నడుంని గాల్లోకి లేపి నిలబెట్టటం రెండు. చేతులూ మోకాళ్ళమీద వంగి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపి, తర్వాత మార్చటం మూడు. పది సెకన్లు పట్టి ఉంచి వదలాలి. ఇందులో ఫైట్లూ లేవు, ఫీట్లూ లేవు. అందుకే కుర్రాళ్ళకి చప్పగా ఉంటాయి. ఆ చప్పదనమే మందు!

మూడో మెట్టు, మీ ఆట. కానీ ముక్కలుగా. డాన్సరయితే ముందు చేతుల కదలికలు, తర్వాత అడుగులు, ఆ తర్వాత వంపులు. గెంతులూ దొర్లుళ్ళూ అన్నింటికన్నా చివర. జిమ్ము కుర్రాడయితే మునుపు ఎత్తిన బరువు మర్చిపోయి ఖాళీ కడ్డీతో మొదలెట్టాలి. “అందరూ చూస్తారు!” అని సిగ్గా? చూడనివ్వండి. ఆర్నెల్లు మంచానికీ ఇంటికీ పరిమితమైనవాడు బ్రూస్‌లీ!

ఏ మెట్టు ఎక్కాలో ఎలా తెలుస్తుందంటే, మర్నాటి పొద్దునే చెబుతుంది. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు. పొద్దున లేచేసరికి మామూలుగా ఉంటే ఇంకో పిసరు పెంచండి. నిన్నటికన్నా ఎక్కువయితే ఓ మెట్టు దిగండి. దిగటం ఓటమి కాదు. నొప్పి తెలియకుండా మాత్ర మింగి స్టేజి ఎక్కటం మాత్రం ఒప్పందం లేని డూప్ పని. దెబ్బ మీది, పేరు మాత్రది! మాత్రలేవయినా డాక్టరుని అడిగి వేసుకోవటమే మంచిది.

ఇంకో చిన్న మాట. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం కాస్త పొడుగ్గా ఉండేది అందుకే. కాబట్టి మంచం దిగీ దిగగానే బరువులెత్తటం, వంగి నీళ్ళ బిందె లాగటం, గ్యాస్ సిలిండరు ఎత్తటం వద్దు. ఓ గంట ఒంటిని మేలుకోనివ్వండి.

ఇవి కనిపిస్తే మాత్రం పరుగెత్తండి!

పైన చెప్పిన ధైర్యమంతా మామూలు నొప్పికి. ఈ కింది వాటిలో ఏది కనిపించినా కసరత్తులూ కాపడాలూ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

* మూత్రం, విరేచనం మీద అదుపు తప్పటం... లేదా మూత్రం రాక బిగబట్టటం. తొడల మధ్య, కూచునే చోట స్పర్శ తెలియకపోవటం. ఇది క్షణం ఆగకూడని అత్యవసరం. రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే!

* కాలు నీరసించటం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవటం.

* ఎత్తునుంచి పడ్డాకనో, బండి ప్రమాదం తర్వాతో వచ్చిన నొప్పి.

* నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గటం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి.

* పొద్దున లేవగానే అరగంటకి పైగా బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, కూచుంటే పెరిగే నొప్పి మూడు నెలలు దాటటం. వయసులో ఉన్నవాళ్ళకి వచ్చే ఓ రకం వెన్ను వాపు ఇలాగే మొదలవుతుంది.

* ఫాస్ట్ బౌలింగ్ చేసే, వెనక్కి బాగా వంగి డాన్సులూ జిమ్నాస్టిక్సూ చేసే పిల్లల్లో వారాల తరబడి వదలని నొప్పి. వెన్నుపూసలో సన్నటి చీలిక ఉండొచ్చు. దీనికి మాత్రం ఆట ఆపాల్సిందే.

ఇంటర్వెల్ తర్వాత...

బ్రూస్‌లీ కథలో ఇంటర్వెల్ లాంటిది ఆ ఆర్నెల్ల మంచం. ఇంటర్వెల్లో హాలు వదిలి వెళ్ళిపోయినవాడికి సినిమా అయిపోయినట్టే. ఆయన వెళ్ళలేదు. అలాగని మర్నాడే లేచి బరువూ ఎత్తలేదు. ఓ కార్డు రాసి పెట్టుకుని, రోజుకో అడుగు వేశాడు. నొప్పి పోలేదు, అయినా నడక ఆగలేదు. నడుంనొప్పి ఉన్న కుర్రకారుకి ఆయన తన్నుల కన్నా ఆ అడుగులే ఎక్కువ పనికొస్తాయి.

ఈసారి ‘వే ఆఫ్ ది డ్రాగన్’ చూసేటప్పుడు, కొలోసియంలో ఒళ్ళు విరుచుకునే ఆ సీను రాగానే ‘ఫైట్ ఎప్పుడొస్తుందిరా బాబూ!’ అని రిమోట్ నొక్కి ముందుకి తోసెయ్యకండి.

ఫైట్ మొదలయ్యేది అక్కడే!